ఈస్టర్ అయిపోయింది, ఇప్పుడేం చేయాలి? పునరుత్థానాన్ని 50 రోజులు ఇంట్లో పాటించే పద్ధతి

ప్రతి ఏడూ ఇదే ప్రశ్న. ఈస్టర్ మర్నాడు సోమవారం పొద్దున్నుంచే మెసేజులు మొదలవుతాయి, "అన్నా, శ్రమ దినాల్లో ఉపవాసం ఉన్నాం, సాయంత్రం కూడికలకి వెళ్ళాం, గుడ్ ఫ్రైడే రోజు యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలూ మూడు గంటలు కూర్చుని విన్నాం, తెల్లారుజామున సమాధుల తోటకి కూడా వెళ్ళొచ్చాం, ఇప్పుడేం చేయాలి?" అని. విడివిడిగా జవాబులు రాసి రాసి విసుగొచ్చింది కాబట్టి అంతా ఒకచోట పెడుతున్నా.

గమనించారో లేదో, యేసు చనిపోవడానికి ముందు రోజులకి మన దగ్గర 40 రోజుల ప్లాన్ ఉంది, ఏం తినకూడదు, ఏం మానేయాలి, ఎవరి ఇంట్లో కూడిక, అన్నీ. ఆయన లేచిన తర్వాత రోజులకి మాత్రం మధ్యాహ్నం బిర్యానీ తప్ప ఏమీ లేదు. కానీ చర్చి క్యాలెండర్ తీసి చూడండి, ఈస్టర్ పండుగ కాలం పెంతెకొస్తు (పరిశుద్ధాత్మ దిగివచ్చిన పండుగ) దాకా 50 రోజులు, అంటే లెంటు, అదే మన శ్రమ దినాల కంటే పెద్దది. ఆ 50 రోజులు ఇంట్లో, ఆఫీసులో, చావింట్లో ఎలా గడపాలో చెప్తాను. నేను పాస్టర్ని కాదు, సండే స్కూల్లో పాఠాలు చెప్పేవాణ్ణి, నేను చేసి చూసినవే రాస్తున్నా.

కావలసినవి

- బైబిలు. పాత తెలుగుదే చాలు, అర్థం కాకపోతే పక్కన వాడుక భాష బైబిలు ఒకటి పెట్టుకోండి
- 100 పేజీల నోట్‌బుక్, పెన్ను (ఫోన్లో రాస్తే మళ్ళీ తెరవరు, నా అనుభవం)
- మూత ఉన్న డబ్బా ఒకటి, హార్లిక్స్ సీసా అయినా పర్లేదు
- చీపురు, బకెట్, కొంచెం సున్నం
- మీ మాట మొహమాటం లేకుండా తిప్పికొట్టే మనిషి ఒకరు. భార్య, భర్త, అక్క, ఫ్రెండ్ ఎవరైనా

స్టెప్ 1: తేదీలు వేసుకోండి

ఈస్టర్ ఆదివారం ఒకటో రోజు. 40వ రోజు గురువారం ఆరోహణం, అంటే యేసు పరలోకానికి వెళ్ళిన రోజు, 50వ రోజు పెంతెకొస్తు. 2026లో అయితే ఏప్రిల్ 5, మే 14, మే 24. 2027లో మార్చి 28, మే 6, మే 16. గోడ క్యాలెండర్ మీద ఈ మూడిటికీ గీత కొట్టండి.

మా సంఘంలో ఈస్టరే చెయ్యం, ప్రతి ఆదివారం పునరుత్థాన దినమే అనేవాళ్ళు ఉన్నారు, వాళ్ళకీ ఇబ్బంది లేదు, అసలు ఆదివారం ఆరాధించడానికి కారణమే ఆయన లేచింది ఆదివారం కావడం కదా, ఏ ఆదివారమైనా మొదలుపెట్టి ఏడు వారాలు లెక్కేసుకోండి. లేటయింది అని మాత్రం ఆగకండి. యేసు లేచాడంటే చూస్తేగానీ నమ్మనన్న శిష్యుడు తోమా కూడా ఎనిమిది రోజులు లేటే.

స్టెప్ 2: ఒక్క అధ్యాయం, ఏడు వారాలు

1 కొరింథీ 15, అంటే కొరింథు సంఘానికి పౌలు రాసిన మొదటి ఉత్తరంలో పునరుత్థానం గురించిన అధ్యాయం. మొత్తం 58 వచనాలు. వారానికి ఇలా విడగొట్టుకోండి: 1-11, 12-19, 20-28, 29-34, 35-44, 45-50, 51-58. వారం మొత్తం రోజూ ఆ ముక్కే చదవాలి, పైకి వినపడేలా. శనివారం రోజు దాన్ని పక్కింటి వాళ్ళకి చెప్తున్నట్టు సొంత మాటల్లో నోట్‌బుక్‌లో నాలుగు లైన్లు రాయాలి.

ఇక్కడ ఎక్కువ మంది చేసే తప్పు ఏంటంటే మొదటి రోజే ఉత్సాహంగా అధ్యాయం మొత్తం చదివేసి రెండో వారం వదిలేస్తారు. ఇంకో తప్పు 29వ వచనం దగ్గర ఇరుక్కుపోవడం, మృతుల కోసం బాప్తిస్మం అంటే ఏంటని యూట్యూబ్‌లో పడి రాత్రి రెండింటిదాకా వీడియోలు చూడటం. దాని మీద పండితులే ఒక మాట మీద లేరు, దాటేసి ముందుకి పొండి. అదే వారంలో 32వ వచనం ఉంది, మృతులు లేవకపోతే ఇక తిందాం తాగుదాం రేపు చచ్చిపోతాం కదా అన్నమాట, దాని మీద ఆగండి, ఎందుకంటే నోటితో లేచాడు లేచాడు అంటూ ఈ వచనం ప్రకారమే బతికేవాళ్ళం చాలామందిమి ఉన్నాం, నన్ను కలుపుకునే చెప్తున్నా.

చదవడం రాని పెద్దవాళ్ళు ఉంటే ఆడియో బైబిలు పెట్టండి. పిల్లలుంటే 35-44 వారంలో ఒక పళ్ళెంలో తడిగుడ్డ వేసి పెసలు చల్లమనండి. పౌలు చెప్పింది గింజ గురించే, వేసేది గింజ, వచ్చేది మొక్క, రెండూ ఒకటే కానీ ఒకేలా ఉండవు. మూడో రోజుకి మొలకలొస్తాయి, ఇక మీరు వివరించాల్సిన పనే ఉండదు.

స్టెప్ 3: ఒకసారి సమాధి దగ్గరికి, జనం లేనప్పుడు

మనం వెళ్ళేది ఏడాదికి ఒకటి రెండుసార్లు. ఈస్టర్ తెల్లవారుజామున, క్యాథలిక్కులైతే చనిపోయినవాళ్ళని తలుచుకునే నవంబర్ 2న. అప్పుడు మైకు, కొవ్వొత్తులు, పూలు, సెల్ఫీలు, బంధువుల పలకరింపులు, ఇంత హడావిడిలో మనిషికి ఏమీ తట్టదు. అందుకే ఈ 50 రోజుల్లో మామూలు రోజు, పొద్దున్నే ఎండ రాకముందు ఒకసారి పొండి. చీపురు పట్టుకెళ్ళి ఆకులు ఊడవండి, పిచ్చిమొక్కలు పీకండి, సున్నం పూయాల్సి ఉంటే పూయండి. పని అయ్యాక ఆ రాయి మీదున్న పేరు పైకి చదవండి. ఆ తర్వాత ఒక్క వాక్యం చెప్పండి, "ఇది ఆఖరు కాదు." అంతే. పాట పాడాలనిపిస్తే పాడండి, లేదంటే ఊరికే కూర్చోండి.

జాగ్రత్తలు మూడు ఉన్నాయి. ఒకటి, వేసవి కాబట్టి పాములు, చెప్పులు కాదు బూట్లు వేసుకోండి. రెండు, చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థన చేయొచ్చా లేదా అని అక్కడ గొడవ పెట్టుకోకండి. క్యాథలిక్కులు చేస్తారు, ప్రొటెస్టెంట్లు మామూలుగా చెయ్యరు, ఒకే ఇంట్లో రెండు రకాలూ ఉంటారు, ఆకులు ఊడవడానికి ఏ సిద్ధాంతం అడ్డురాదు. మూడోది కాస్త చేదు. కొన్ని ఊళ్ళలో సమాధుల తోటలో కూడా ఈ మూల వాళ్ళది, ఆ మూల వీళ్ళది అని గీతలుంటాయి, ఎందుకో అందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పరు. శరీర పునరుత్థానాన్ని నమ్ముతున్నాను అని ప్రతి ఆదివారం విశ్వాస ప్రమాణం చదివేవాళ్ళం లేచేటప్పుడు ఏ మూల నుంచి లేస్తామో చూసుకుంటున్నామన్నమాట. మీ సమాధి ఊడ్చాక ఆ గీత దాటి అటువైపు సమాధి కూడా ఒకటి ఊడవండి. ఎవరిదైనా సరే.

సమాధి దూరంలో ఉంటే, గల్ఫ్‌లోనో అమెరికాలోనో మీరుంటే, నోట్‌బుక్‌లో ఒక పేజీ తీసి ఇంట్లో చనిపోయినవాళ్ళ పేర్లు వరసగా రాసి చదవండి, ఊళ్ళో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి ఊడవమని చెప్పండి, డబ్బులు పంపించి కూలి మనిషి చేత చేయించడం కంటే అది మేలు.

స్టెప్ 4: చావింట్లో ఎలా ఉండాలి

దీని మీదే ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఎక్కువ దెబ్బలు తగిలేది ఇక్కడే.

మన విశ్వాసుల ఇళ్ళలో ఒక చెడ్డ అలవాటు ఉంది. మనిషి పోయి గంట కాలేదు, శవం ఇంకా హాల్లో ఫ్రీజర్ బాక్స్‌లోనే ఉంది, ఎవరో ఒక పెద్దమనిషి వచ్చి "ఏడవకమ్మా, మనం నిరీక్షణ లేనివాళ్ళమా, ఆయన ప్రభువు దగ్గర ఉన్నాడు, సాక్ష్యం పోతుంది" అంటాడు (నిరీక్షణ అంటే మళ్ళీ లేస్తారన్న ఆశ, సాక్ష్యం అంటే మన నమ్మకానికి జనంలో ఉన్న మంచిపేరు). ఆ అమ్మాయి ఏడుపు మింగేస్తుంది. మింగింది ఆరునెలల తర్వాత ఇంకోలా బయటికొస్తుంది, నిద్ర ఉండదు, తిండి ఉండదు, గుడికి రావడం మానేస్తుంది, అప్పుడు మళ్ళీ మనమే వెనక్కి జారిపోయింది అంటాం.

1 థెస్సలొనీక 4:13 తీసి జాగ్రత్తగా చదవండి. దుఃఖపడొద్దు అని లేదు, నిరీక్షణ లేనివాళ్ళలాగా దుఃఖపడొద్దు అని ఉంది. రెండిటికీ చాలా తేడా ఉంది. యోహాను 11లో అయితే ఇంకా స్పష్టం, పునరుత్థానమూ జీవమూ నేనే అని మార్తకి చెప్పిన యేసే, ఇంకాసేపట్లో చనిపోయిన ఆమె తమ్ముడు లాజరుని లేపబోతున్నానని తెలిసినవాడే, సమాధి దగ్గరికి వెళ్తూ కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఆయన ఏడిస్తే పోని సాక్ష్యం మీ పిన్ని ఏడిస్తే పోతుందా.

కాబట్టి ఇలా చేయండి:

1. వెళ్ళగానే మాట్లాడకండి. పక్కన కూర్చోండి. చేయి పట్టుకునేంత చనువుంటే పట్టుకోండి.
2. చేతిలో ఏదో ఒక పని పెట్టుకోండి. ఫ్లాస్క్‌లో టీ, పేపర్ గ్లాసులు, మంచినీళ్ళ క్యాన్, ఆ ఇంటి పిల్లలకి ఇడ్లీ. భూస్థాపన అయ్యేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలగదు, పిల్లల ఆకలి ఎవరికీ గుర్తుండదు.
3. మాట్లాడాల్సి వస్తే పోయినాయన గురించి మీకు గుర్తున్న ఒక సంగతి చెప్పండి. "నాకు సైకిల్ నేర్పింది మావయ్యే" లాంటిది.
4. వాక్యం చదవమంటే చదవండి, చిన్నది. ప్రసంగం వద్దు.
5. అసలు పని ఆదరణ కూడిక (భూస్థాపన తర్వాత ఇంటివాళ్ళని ఓదార్చడానికి పెట్టే ప్రార్థన) అయ్యాక మొదలవుతుంది. టెంట్ విప్పేశారు, కుర్చీలు వెళ్ళిపోయాయి, బంధువులు బస్సెక్కారు. ఆ మర్నాడు పొండి. తర్వాత వారం పొండి. నెల తర్వాత ఫోన్ చేసి ఆయన పేరు పలకండి. ఆ పేరు మళ్ళీ ఎవరూ పలకడం లేదనేదే వాళ్ళ బాధ.

అనకూడనివి: "దేవుడికి అవసరమై తీసుకున్నాడు", "మీరు ప్రార్థన సరిగ్గా చేయలేదేమో", "పోనీలే ఇంకో పిల్లాడున్నాడుగా". ఈ మూడోది మా ఇంట్లోనే విన్నాను, ఒక తల్లితో, నా ముందే. పౌలు మరణాన్ని చివరి శత్రువు అన్నాడు (1 కొరింథీ 15:26). శత్రువుని శత్రువు అనే అనాలి, దేవుడి పోస్ట్‌మాన్ అని చెప్పకూడదు.

స్టెప్ 5: మాత్రలు వేసుకోండి

నవ్వకండి, సీరియస్‌గానే చెప్తున్నా. ఆత్మ ముఖ్యం, ఈ దేహం మట్టి, ఎలాగూ పోయేదే, అని మాట్లాడటం మనకి భక్తిలాగా అనిపిస్తుంది. కానీ లేచింది దేహమే. లూకా 24లో వాళ్ళు భయపడుతుంటే తినడానికి ఏమైనా ఉందా అని అడిగి కాల్చిన చేపముక్క తిన్నాడు. తోమాకి గాయాలు చూపించాడు, లేచిన శరీరంలో కూడా ఆ గుర్తులున్నాయి. పౌలు 1 కొరింథీ 6లో దేహం ప్రభువు కోసం, ప్రభువుని లేపిన దేవుడు మనల్నీ లేపుతాడు అని ఒకే ఊపిరిలో చెప్తాడు.

అందుకని ఈ 50 రోజులూ: బీపీ, షుగర్ మాత్రలు టైంకి వేసుకోండి, వాయిదా వేస్తున్న రక్తపరీక్ష చేయించుకోండి, రాత్రి పదిన్నరకి ఫోన్ పక్కన పెట్టండి. మా పెద్దమ్మ స్వస్థత కూడికకి వెళ్ళొచ్చి షుగర్ మాత్రలు ఆపేసింది, విశ్వాసం అనుకుంది. నాలుగో నెలలో కాలి వేలు తీసేశారు. ఎవరు చెప్పినా సరే, డాక్టర్ని అడక్కుండా మందులు ఆపకండి. ఆ కూడికల్లో ఒక్కరూ గుర్తుచేయని విషయం ఒకటుంది, లాజరు లేచాడు, మళ్ళీ ఎప్పుడో చనిపోయాడు. స్వస్థత మంచిదే, దాన్ని పునరుత్థానం అనుకోవద్దు.

ఇంకొకరి దేహం కూడా ఉంది. వారానికి ఒకరికి తిండి పెట్టండి, మీ చేత్తో వండి. యోహాను 21 చూడండి, మరణాన్ని గెలిచి వచ్చినాయన తెల్లారేసరికి ఒడ్డున నిప్పుల మీద చేపలూ రొట్టే సిద్ధం చేసి రండి భోంచేయండి అంటున్నాడు. అవతల వల నిండా 153 చేపలున్నా ముందు తనే వండి పెట్టాడు.

స్టెప్ 6: డబ్బా

58 వచనాల పునరుత్థాన అధ్యాయం అయిపోగానే, 16వ అధ్యాయం మొదటి మాట ఏంటో తెలుసా? చందా విషయం! యెరూషలేములో ఇబ్బందుల్లో ఉన్న విశ్వాసుల కోసం పౌలు ప్రతి ఆదివారం కొంత తీసి పక్కన పెట్టమంటాడు. కడబూర, క్షణంలో మార్పు, మరణపు ముల్లు, అంత ఎత్తులో మాట్లాడి మాట్లాడి, కింద డబ్బుల డబ్బా దగ్గరికి దిగాడు. అధ్యాయాల నంబర్లు తర్వాత పెట్టినవి కాబట్టి రాసినాయనకి ఇదంతా ఒకే ఉత్తరం.

సో ప్రతి ఆదివారం డబ్బాలో వేయండి. ఎంత అనేది మీ ఇష్టం, 20 అయినా 2,000 అయినా. దశమభాగం (చర్చికిచ్చే పదోవంతు) లెక్కలో కలపకండి, ఇది వేరు. పెంతెకొస్తు రోజు తీసి మీ సంఘంలో లేని, మీకు తిరిగి ఏమీ ఇవ్వలేని ఒక మనిషికి ఇవ్వండి. ఫొటో తీయొద్దు. తప్పులు జరిగేది ఎక్కడంటే, నాలుగో వారం పాలవాడికి చిల్లర కోసం డబ్బా తెరుస్తారు, మళ్ళీ వేద్దాంలే అనుకుంటారు, వేయరు. మూతకి టేపు వేయండి.

స్టెప్ 7: ఫలితం కనపడని పని ఒకటి

1 కొరింథీ 15:58లో మీ కష్టం వ్యర్థం కాదు అన్నాడు పౌలు. ఇది పరీక్షించాలంటే వ్యర్థంలా కనిపించే పని ఒకటి తీసుకోవాలి. మంచం పట్టిన అత్తగారికి కథలు చదవడం, టెన్త్ రెండుసార్లు తప్పిన పక్కింటి కుర్రాడికి లెక్కలు, ఆఫీసులో ఎవరూ చూడని ఫైల్ సరిగ్గా సర్దడం. వారానికి రెండు గంటలు, ఏడు వారాలు. నేను కిందటేడు ఒక కుర్రాడికి లెక్కలు చెప్పాను, మళ్ళీ తప్పాడు, ఇప్పుడు పెట్రోల్ బంకులో చేస్తున్నాడు, నేను కనపడితే అన్నా అని పిలిచి గాలి ఫ్రీగా కొడతాడు. వ్యర్థమో కాదో మీరే చెప్పండి.

స్టెప్ 8: బొగ్గుల నిప్పు దగ్గరికి

యేసుని పట్టుకెళ్ళిన రాత్రి శిష్యుడు పేతురు ఆయనెవరో తెలీదు అని బొంకింది బొగ్గుల మంట దగ్గర చలి కాచుకుంటూ (యోహాను 18:18). యేసు చేపలు కాల్చింది కూడా బొగ్గుల నిప్పు మీదే (21:9). గ్రీకు మూలంలో రెండు చోట్లా ఒకటే మాట, కొత్త నిబంధనలో ఇంకెక్కడా రాదు. పేతురుకి ఆ వాసన తగలగానే ఏం గుర్తొచ్చి ఉంటుందో! అయినా తిట్లు లేవు, ముందు టిఫిన్, తర్వాత మూడు ప్రశ్నలు, తర్వాత పని అప్పగింత. ఆ వరస కాపీ కొట్టండి. మాటలు ఆగిపోయిన మనిషిని ఒకర్ని ఎంచుకుని ముందు తిండికి పిలవండి, లెక్కలు తర్వాత తేల్చుకోవచ్చు.

హెచ్చరిక: కొట్టే భర్త దగ్గరికి, వేధించిన బంధువు దగ్గరికి ఒంటరిగా తిరిగి వెళ్ళమని ఈ స్టెప్ చెప్పడం లేదు. అలా ఎవరైనా మీకు చెప్తే వినకండి. అలాంటి కేసుల్లో ఈ స్టెప్ వదిలేయండి, మిగతా ఏడూ చేయండి.

పని చేస్తుందో లేదో ఎలా తెలుస్తుంది

ఆరాధనలో ఒళ్ళు పులకరించిందా, కన్నీళ్ళొచ్చాయా అని చూడకండి, మంచి కీబోర్డు ప్లేయర్ ఉంటే అది ఎవరికైనా వస్తుంది. నోట్‌బుక్ తెరిచి లెక్క చూడండి: ఎన్నిసార్లు ఆదరణ కూడిక తర్వాత వెళ్ళారు, డబ్బాకి టేపు అలాగే ఉందా, ఎన్ని పూటలు మాత్రలు తప్పాయి. తర్వాత మొదట చెప్పిన ఆ మొహమాటం లేని మనిషిని అడగండి, "నాలో భయం ఏమైనా తగ్గిందా?" అని. ఉద్యోగం పోతుందేమో, రిపోర్టులో ఏమొస్తుందో, జనం ఏమనుకుంటారో, ఆ భయాలు. మా ఆవిడని అడిగితే "భయం తగ్గలేదు గానీ భయపడి అరవడం తగ్గింది" అంది. దాన్నే పాస్ మార్కుగా రాసుకున్నా.

మూడో వారంలో అసలు ఇదంతా నిజంగా జరిగిందా అని అనుమానమొస్తే కంగారు పడకండి. మత్తయి 28:17లో, ఆయన్ని కళ్ళారా చూసి మొక్కుతున్నవాళ్ళలోనే కొందరు సందేహించారు అని రాసుంది, ఎవరూ చెరిపేయలేదు. తోమా చేసిన మంచి పని ఒకటుంది, నమ్మకపోయినా ఎనిమిది రోజుల తర్వాత కూడా గుంపులోనే ఉన్నాడు. మీరూ కూడికకి పోవడం ఆపకండి, అనుమానం ఏంటో నోట్‌బుక్‌లో రాసి అయ్యగారిని, అంటే మీ పాస్టర్‌ని, సూటిగా అడగండి. అయ్యగారు కసురుకుంటే ఇంకొకర్ని అడగండి.

చివరగా పిల్లల గురించి, ఇది కూడా పదేపదే అడుగుతారు. తాతయ్య పోతే పిల్లలకి ఏం చెప్పాలి? పోస్టర్ మీద "ప్రభువునందు నిద్రించిరి" అని వేస్తాం, పెద్దవాళ్ళకి అది అందమైన మాటే, నాలుగేళ్ళ పిల్లకి మాత్రం తాతయ్య నిద్రపోయాడు అని చెప్పకండి. మా చిన్నది వారం రోజులు పడుకోనని ఏడ్చింది, మాకు కారణం అర్థం కాలేదు, పడుకుంటే పెట్టెలో పెడతారనుకుందట. చనిపోయాడు అనే చెప్పండి, ఒళ్ళు పనిచేయడం ఆగిపోయింది, మట్టిలో పెట్టాం, యేసు లేచినట్టే తాతయ్యని కూడా లేపుతాడు అని నమ్ముతున్నాం, ఈ నాలుగు ముక్కలు చాలు. తర్వాత ప్రశ్నలొస్తాయి, అప్పుడు కర్ర ఉంటుందా, కళ్ళజోడు ఉంటుందా, నన్ను గుర్తుపడతాడా అని. తెలియనివి తెలియదనే చెప్పండి. "మరి తాతయ్య ఏం తింటాడు?" అని మాది అడిగితే, యేసు లేచాక కాల్చిన చేప తిన్నాడట, అంతవరకు తెలుసు అన్నాను. కాసేపు ఆలోచించి, తాతయ్యకి ముళ్ళు తీసి పెట్టాలి అంది.